ఒక కాలమ్‌లో పట్టని టీచర్

2023 చలికాలంలో నేను కెనడాలోని విండ్సర్‌లో ఒక ఇంగ్లిష్ దినపత్రిక ఫొటో డెస్క్ ఇన్‌చార్జిని. గాజా యుద్ధం ఫొటోలు వార్తాసంస్థల నుంచి రోజంతా వచ్చేవి. వాటిలోంచి ఎంచి, పేజీలో చోటుకు తగ్గట్టు క్రాప్ చేసి, కింద క్యాప్షన్ రాయడం మా పని. మగవాళ్ల ఫొటోల కింద డాక్టరనో డ్రైవరనో ఉండేది. ఆడవాళ్లయితే చాలాసార్లు ‘రోదిస్తున్న మహిళ’, అంతే.

ఊళ్లో కాఫీ షాపుల ముందు రెజ్యూమేలు పట్టుకుని మన విద్యార్థులు బారులు తీరిన రోజులవి. హన్మకొండ నుంచి చదువుకోవడానికి వచ్చిన శ్రావణికి మా డెస్క్‌లో పార్ట్‌టైమ్ దొరికింది, ట్రయల్ మీద. ఆమెను ఉంచాలా వద్దా అన్నది న్యూస్ ఎడిటర్ మార్టిన్ ఆ వారమే తేల్చాలి.

ఆ మధ్యాహ్నం మొదటి పేజీకి మార్టిన్ ఒక ఫొటో ఎంచాడు. చెయ్యెత్తి అరుస్తున్న పాలస్తీనా స్త్రీ. ఒక కాలమ్‌లో పట్టేలా ముఖం వరకే ఉంచాడు. క్యాప్షన్ మామూలే.

శ్రావణి నా దగ్గరికొచ్చి, “అంకుల్, ఆమె ఏడుస్తలేదు. పిల్లల్ని పిలుస్తున్నది” అంది.

ఫొటోగ్రాఫర్లు ఒకే దృశ్యాన్ని వరసగా చాలా ఫ్రేములు తీసి పంపుతారు. డెస్క్ ఒకటి తీసుకుని మిగతావి తెరవదు. శ్రావణి అన్నీ తెరిచింది. తర్వాతి ఫ్రేములో, ఆ స్త్రీ చెయ్యి చూపిన వైపు, డేరా ముందు పిల్లలు వరస కడుతున్నారు.

మార్టిన్‌కి తననే చెప్పమన్నాను.

“జాబ్ పోతే మీ ఇంట్లనే తింట మరి” అని నవ్వి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను.

మార్టిన్ నమ్మలేదు. వార్తాసంస్థకు ఫోన్ చేయించాడు. వాళ్లు ఫొటోగ్రాఫర్‌ను కనుక్కుని చెప్పారు: ఆమె పేరు హనాన్, లెక్కల టీచరు, ఆ డేరాలో బడి నడుపుతోంది. పిల్లలతో సహా వేయాలంటే మూడు కాలమ్‌లు కావాలి, ప్రధాన వార్త తగ్గించాలి.

“ఏడిస్తే ఒక కాలమ్ చాలు, బడి పెడితే మూడా?” అని మార్టిన్ గొణిగాడు.

“పిల్లలు ఎక్కువున్నారు, సార్” అంది శ్రావణి. సార్ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాడో! నవ్వేసి, వార్తను తనే తగ్గించాడు.

మర్నాడు హనాన్ పేరుతో, ఉద్యోగంతో ఫొటో వచ్చింది. ఆ వారమే శ్రావణికి షిఫ్టులు ఖాయమయ్యాయి.

నిజంగా రోదించినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఫొటోలూ వేశాం. కానీ ముందూ వెనకా ఫ్రేములు చూడకుండా, నేను రిటైరయ్యేదాకా మా డెస్క్‌లో ఎవరూ క్రాప్ చేయలేదు. ఆ పద్ధతి శ్రావణి ఇచ్చింది; అందుకు ఆమెకు కృతజ్ఞుణ్ణి. మనిషి ఎందుకు నోరు తెరిచిందో ముఖం ఒక్కటే చెప్పదు. ఆమె ఎటు చూస్తోందో ఆ వైపు కత్తిరించకూడదు.