కాలవ గట్టు మీద మొండికేసిన మోటారు

మా మామయ్య మోటారు స్టార్టయితే, ఆ చప్పుడుకి మొగల్తూరులో బెస్తలు తుపాను వస్తోందనుకుని పడవలు ఒడ్డుకి లాగేసుకునేవారు. ఈ మాట నేను చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు కూడా. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం అంత కల్తీ లేదు, రుచికి సరిపడా ఉంటుందంతే.

మండపేట దగ్గర పల్లెలో మామయ్య పెద్ద రైతు. మద్రాసు నుంచి రైలు మీద ఆ మోటారు కారు తెప్పించి, తోలే పని నాకు అప్పగించాడు. దానితో వచ్చిన మెకానిక్కు కొన్నాళ్లుండి నాకు నేర్పి, మా ఊరి దోమలకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేశారు. నీళ్లు లేవు కనుక పడవలూ లేవు. సరిగ్గా అప్పుడే మా ఊరి మిషన్ బడి మేష్టారి కూతుర్ని రాజమండ్రి ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకోవడానికి రమ్మని కబురు వచ్చింది. పిల్లను స్వయంగా చూసి చేర్చుకోవలసిన డాక్టరు దొరసాని ఆ సాయంత్రం మెయిలు రైలుకే ఎండలు తప్పించుకోవడానికి నీలగిరికి వెళ్లిపోతోంది. ఈలోగా పిల్ల కనబడకపోతే ఆ చోటు ఇంకొకరిది. ఎడ్లబండి మీద వెళితే చీకటి పడిపోతుంది. మేష్టారు వచ్చి అడిగితే మామయ్య కాదనలేకపోయాడు.

మేష్టారినీ అమ్మాయినీ వెనక ఎక్కించుకుని బయలుదేరాం. కాలవ గట్టు మీద కాస్త దూరం గుర్రంలా పరుగెత్తిన మోటారు, దగ్గి, ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

"ఏంటి బాబూ, అప్పుడే వచ్చేశామా?" అన్నారు మేష్టారు.

"లేదండి, ఊపిరి తీసుకుంటోందండి."

దిగి పెట్రోలు ట్యాంకు మూత తీసి వెదురుపుల్ల ముంచి చూశాను. సగానికి పైనే ఉంది. మూత బిగించి, ఇంజను ముందున్న హ్యాండిల్ తిప్పితే వెంటనే అందుకుంది. మళ్లీ కాస్త దూరం పోయి మళ్లీ ఆగింది. ఈసారి పెట్రోలును అంటించే నిప్పురవ్వ వస్తోందా అని చూస్తే టపటపా వస్తోంది. ఎండకి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతోందేమోనని తడిగుడ్డ చుట్టాను. గాలీ పెట్రోలూ కలిసే కార్బొరేటర్ మీది మరమేకును అటూ ఇటూ తిప్పాను. ఏమీ తోచక మళ్లీ పుల్ల ముంచి చూశాను. వెనక మేష్టారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. హ్యాండిల్ తిప్పగానే మోటారు లేచింది.

"మేష్టారూ, మీ ప్రార్థన దీనికి బాగా పట్టిందండి. రాజమండ్రి దాకా ఆపకండి!"

"ప్రభువుకి వేరే పనులుంటాయండి. మీరు ఇంజను చూసుకోండి," అంది అమ్మాయి. పొద్దుట్నుంచీ ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు.

ద్వారపూడి దాటాక మళ్లీ ఆగింది. పొద్దు వాలుతోంది. తొందరలో పెట్రోలు చూడకుండానే హ్యాండిల్ అందుకున్నాను. భుజాలు ఊడి వచ్చేలా తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. మేష్టారు ప్రార్థన చేస్తూనే ఉన్నారు. తడిగుడ్డ చుట్టే ఉంది. మరి ఇందాక చేసి ఇప్పుడు చెయ్యనిది ఏంటి?

మూత తియ్యలేదు!

ఒక్క దూకులో వెళ్లి మూత తిప్పాను. లోపలికి సుయ్యిమని గాలి పీల్చుకుంది. కొబ్బరిబొండానికి ఒక్క చిల్లే పెట్టి వంచితే నీళ్లు ఎలా మొరాయిస్తాయో ట్యాంకులో పెట్రోలుదీ అదే పరిస్థితి. గాలి లోపలికి పోవడానికి ఇత్తడి మూత నడుమ సూదిమొనంత చిల్లు ఉండాలి. ఇందాక రెండుసార్లు తీసినా నేను పట్టించుకోలేదు కానీ, దాని మీద నిండుగా పసుపు, నడుమ కుంకుమ, ఎండి రాయిలా ఉన్నాయి. స్టీరింగు ముందర తళతళలాడే ఆ మూతే బండికి నుదురనుకుంది మా అత్తయ్య.

"పొద్దున్నే మీ అత్తయ్యగారు వచ్చి, ఆడపిల్ల మంచి పని మీద వెళుతోందని బొట్టు పెట్టారండి. మా అమ్మాయికి పెడితే కిరస్తానీలం మాకు బాగోదేమోనని బండికి పెట్టానన్నారు," అన్నారు మేష్టారు నవ్వాపుకోలేక.

అమ్మాయి జడలోంచి పిన్నీసు తీసి ఇచ్చింది. చిల్లు పొడిచాను.

ఇంజను అందుకుంది కానీ ఇందాక నేను తిప్పిన మరమేకు వల్ల కుంటుతోంది. "అమ్మాయీ, వెనక్కి వెళ్లి పొగ చూసి చెప్పు!"

"నల్లగా వస్తోందండి! కాకిలా!"

పెట్రోలు తగ్గించాను. ఇంజను ఫట్‌మని తుమ్మింది.

"పొగ లేదండి, కానీ దానికి జలుబు చేసింది!"

వెంట్రుకవాసి వెనక్కి తిప్పాను. తుమ్ము తగ్గి, పిండిమర తిరిగినట్టు సాఫీగా తిరగసాగింది. ఇంకో వెంట్రుక తిప్పబోతే, "చాలండి, బాగుంది కదా! ముట్టుకోకండి!" అని అరిచింది. చెయ్యి తీసేశాను. ఆ తర్వాత కడియం దగ్గర పిట్టలు మాతో పోటీకి వచ్చి అలసిపోయి చెట్టెక్కాయి. ఇది కల్తీ కాదు.

ఆసుపత్రి గేటులో జట్కా మీద పెట్టెలు కట్టి ఉన్నాయి. దొరసాని ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అమ్మాయి పరుగెత్తింది. మొహం నిండా పొగమసి, అది తుడుచుకున్న చేతులు నల్లన.

"నీ హస్తములు ఏల మలినముగా ఉన్నవి?" అంది దొరసాని.

"మోటారు బాగుచేశామండి. లేకపోతే రాలేకపోయేవాళ్లం."

దొరసాని ఆ పిల్లను చూసింది, మోటారును చూసింది, మెట్టు మీంచి కాలు దించింది. "సబ్బుతో కడుగుకొనుము. లోపలికి రమ్ము."

మేష్టారు, నేను బయటే ఉండిపోయాం. దొరసాని వద్దంటే స్టేషను దాకా అయినా వెంటపడి బతిమాలుదామని నేను ఇంజను ఆపలేదు. జట్కావాడి గుర్రం నన్ను చూసి పళ్లికిలిస్తోంది.

కాసేపటికి అమ్మాయి బయటికి వచ్చింది. చేతులు తెల్లగా కడిగి ఉన్నాయి. మడత విప్పని తెల్లబట్ట ఒకటి గుండెకి హత్తుకుని ఉంది.

"రేపట్నుంచే రమ్మన్నారు నాన్నా."

మేష్టారు చాలాసేపు కండువా చివరతో కళ్లద్దాలు తుడుచుకుని, చివరికి నా వైపు తిరిగారు.

"బాబూ, ఇంక మోటారు ఆపెయ్యండి."

ఆపేశాను. ఇంతసేపూ నా గుండె కూడా దానితోపాటే దడదడలాడుతోందని ఆ నిశ్శబ్దంలో తెలిసింది.