మద్దిచెట్టు అక్కలు

తొంభైల మధ్యలో మేం దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. మాది తూర్పు గోదావరి. మా ఆయన సివిల్ ఇంజనీరు. నాకు బాబు పుట్టి మూడో నెల. అమ్మ వద్దామనుకుంది గానీ వీసా కుదరలేదు. ఆయన తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళి, పొద్దుగూకాక వచ్చేవారు. ఆ రోజుల్లో నాకు ఏడుపు ఎందుకొచ్చేదో నాకే తెలిసేది కాదు. కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చేదాన్ని. బాబు గుక్కపట్టి ఏడుస్తుంటే, పక్కింట్లో ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టుండేది.

మా ఆయన సైట్‌లో తాపీపనికి సాయం చేసే ఒకతను ప్రతి శుక్రవారం క్యాంప్ నుంచి మా ఇంటికి వచ్చేవాడు. ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచున వాళ్ళ ఊరు. వాళ్ళన్న మండలంలోని ఎస్టీడీ బూత్ నుంచి మా ఇంటి నంబరుకు అతనికోసం ఫోన్ చేసేవాడు. భార్య కడుపుతో ఉండగా ఖతార్ వచ్చాడితను. పుట్టిన ఆడపిల్లను ఇంకా చూడలేదు. ఫోన్‌లో పాప ఏడుపు వినిపించమని అడిగేవాడు. బూత్ దాకా పసిపిల్లను ఎలా తెస్తారని అన్న కసిరేవాడు.

ఒక శుక్రవారం ఫోన్ పెట్టేశాక అతను సోఫా పక్కన నేలమీద కూలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాను.

"మా ఆమెను అక్కలు పట్టుకున్నరంట మేడం."

అక్కలంటే ఎవరో అతనే చెప్పాడు. ఊరవతల వాగు ఒడ్డున పెద్ద మద్దిచెట్టు ఉంది. అందులో ఏడుగురు అక్కచెల్లెళ్ళుంటారు. మిట్టమధ్యాహ్నం వాగులో తానాలు చేసి, తడిజుట్టు కొమ్మలమీద ఆరబెట్టుకుంటారు. గజ్జెల చప్పుడు వినపడితే వెనక్కి తిరిగి చూడకూడదు. వాళ్ళకు పిల్లలు లేరు. అందుకని పచ్చి బాలింత అటుగా పోతే వదలరు. ఆమెను తమలో కలిపేసుకుని ఒళ్ళు మాత్రం ఇంటికి పంపిస్తారు.

"బట్టలుతకనీకి పోయిందంట. అప్పటిసంది దినాం ఆ చెట్టుకాడికే పోతున్నది. పాపకు పాలిస్త లేదు. పిలిస్తె పలుకుత లేదు."

మా అమ్మమ్మ చెప్పిన కథల్లోనూ మన్యం వాగుల్లో దిగే దేవకన్యలుండేవాళ్ళు. చిన్నప్పుడు వాళ్ళంటే నాకు ముచ్చట. ఆ మధ్యాహ్నం మాత్రం భయమేసింది. పిలిస్తే పలకకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మరుసటి శుక్రవారం ఫోన్ నేనే అందుకున్నాను. "అన్నా, పెద్ద డాక్టరుకు చూపించండి. కాన్పు తర్వాత కొందరికి మనసు అలా అవుతుంది," అన్నాను.

"చూపిచ్చినం మేడం. రక్తం తక్కువున్నదని గోలీలిచ్చిండ్రు. గోలీలు మింగి మల్ల చెట్టుకిందికే పోతున్నది."

అతను నా చేతిలోంచి రిసీవర్ లాక్కున్నంత పని చేశాడు. "అన్నా, ఆ చెట్టు కొట్టెయ్యిండ్రి! కాలబెట్టుండ్రి!"

"ఎవడు కొడ్తడురా? గొడ్డలి పట్టినోని ఇల్లు నిలుస్తదా? దుబాయిల కూసొని నువ్వు మస్తు చెప్తవు. వచ్చి నువ్వే కొట్టు." అన్న అరుపు నాకూ వినపడింది; వాళ్ళకు గల్ఫంతా దుబాయే.

వచ్చి కొట్టడానికి వీల్లేదు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది. కాంట్రాక్టు అయ్యేదాకా "ఛుట్టీ మాఫీ", సెలవు లేదు, అన్నాడు క్యాంప్ బాస్. మా ఆయన మేనేజరును రెండుసార్లు అడిగారు. రెండోసారి ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయారు. "భార్యను చెట్టు పట్టిందని చెప్తే నవ్వాడు. జబ్బని చెప్తే సర్టిఫికెట్ తెమ్మన్నాడు," అన్నారు.

మా బిల్డింగు వెనక ఒక పాత ఇల్లుండేది. దాని ఆవరణలో సిద్ర్ చెట్టు. పండ్లు అచ్చం మన రేగుపండ్లే. ఆ ఇంటి పెద్దావిడ భర్త ఒకప్పుడు బొంబాయితో వ్యాపారం చేసేవాడు, అందుకని ఆవిడకు కాస్త హిందీ వచ్చు. ఒక సాయంత్రం, పొద్దుగూకే నమాజు వేళ, నేను బాబునెత్తుకుని ఆ చెట్టుకింద నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆవిడ గబగబా వచ్చి చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్ళింది. "మగ్రిబ్ వేళ బచ్చాతో ఇక్కడా? చెట్టులో జిన్‌లుంటాయి," అంది. సాంబ్రాణి పొగ వేసి బాబును తన ఒళ్ళో పడుకోబెట్టుకుంది. నా ముఖం చూసి ఏం అర్థం చేసుకుందో, ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం బాబును తీసుకెళ్ళేది. నన్ను పడుకోమనేది. నేను నిజంగానే నిద్రపోయేదాన్ని.

ఆ చెట్టు సంగతి విని అతను ఒక శుక్రవారం బజారులో ఆకుపచ్చ గాజులు కొనుక్కొచ్చాడు. పెద్దావిడను అడగకుండానే సిద్ర్ కొమ్మకు కట్టేసి, చేతులు జోడించాడు.

"మీరు గూడ చెట్టోళ్ళే గద తల్లీ. మా వాగుకాడ అక్కలకు చెప్పుండ్రి. మా ఆమెను ఇడిచిపెట్టుమనుండ్రి."

గొంతు విని పెద్దావిడ బయటకొచ్చింది. ఏమంటున్నాడని అడిగింది. వచ్చిన హిందీలో చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, "లా, లా. చెట్టును అడగకూడదు," అంది. గాజులు జాగ్రత్తగా విప్పి అతని చేతిలో పెట్టింది. తర్వాత అక్కడే నిలబడి, తన రెండు అరచేతులూ చాచి, అతని భార్య కోసం చాలాసేపు దువా చేసింది. ఏం చేయాలో తెలియక అతను గాజులు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

చలికాలం వచ్చేసరికి కాంట్రాక్టు ముగిసింది. అతను వెళ్ళిపోయాడు. కొన్ని వారాలకు ఒకే ఒక్కసారి ఫోన్ చేశాడు.

"నిన్ను గుర్తుపట్టిందా?" అన్నాను.

"పట్టింది మేడం. అన్నం తిన్నవా అనడిగింది. మంచిగనే మాట్లాడుతున్నది. పాపను ముందల పెడితే మాత్రం ముట్టదు. 'ఇది నా బిడ్డ గాదు, అక్కలు మార్చిండ్రు, నా బిడ్డ చెట్టుల ఉన్నది' అంటది. పాప దాని ముఖం చూసి నవ్వుతది మేడం. ఏం జెయ్యమంటరు?"

బాబు అప్పుడు నా భుజంమీద నిద్రపోతున్నాడు. నాకు నయం చేసిన ముసలావిడ గోడ అవతలే ఉంది. ఆవిడను ఆ ఊరికి పంపలేను. డాక్టరు పేరు చెప్పలేను, నాకే తెలియదు. "ఆమె పక్కనే ఉండు. చెట్టుకిందికి పోతే నువ్వూ పోయి కూర్చో," అన్నాను. అంతలో లైన్ తెగిపోయింది. రిసీవర్ పెట్టేసి ఫోన్ పక్కనే కూర్చున్నాను. మళ్ళీ మోగలేదు.

ఆ తర్వాతి ఏడాది వాళ్ళ ఊరి మనిషొకడు సైట్‌కు కొత్తగా వచ్చాడని తెలిసి, మా ఆయనను కనుక్కోమన్నాను. మా ఇంటికి వచ్చే అతను ఖతార్‌కు మళ్ళీ రానన్నాడట, ఊళ్ళోనే కూలికి పోతున్నాడట. భార్య చెట్టుకు పోవడం మానేసిందట. పాపకు తలదువ్వుతుందట, అన్నం తినిపిస్తుందట. ఎవరైనా "నీ బిడ్డేనా?" అని అడిగితే, "ఎవరిదో, ఈడ ఉంటున్నది" అంటుందట.