ఏ లైన్లో ఉంది?

ఉదయం డ్యూటీ దిగి పెద్దక్క ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. కాళ్లు కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని, వంటింటి గట్టు పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంటుంది. అప్పటికే కోడలు గట్టు మీద ఒక కాగితం పెట్టి ఉంచుతుంది. అందులో అర పేజీ కథో, వ్యాసమో ఉంటుంది. ప్రతి వాక్యానికీ ముందు ఒక నంబరు, అడుగున ప్రశ్నలు. టీ చల్లారినా సరే, ఆ కాగితం అయ్యేదాకా ఆమె లేవదు.

ఆస్పత్రిలో మగవాళ్ల వార్డుకు ఆమె ఆయా. అసలు పేరు జీతం పట్టీలో ఉంది. పెద్ద డాక్టరు మొదలు లిఫ్టు నడిపే అతని దాకా అందరికీ ఆమె పెద్దక్కే. పక్కలు మార్చడం, ఒళ్లు తుడవడం, భోజనాల ట్రాలీ తోయడం, మందు మింగనని మొండికేసిన వాణ్ణి కసిరి, మళ్లీ బుజ్జగించడం ఆమె పని. ఇరవై ఏళ్లుగా అదే వార్డు. ఆమె తర్వాత చేరిన ఆయాలు ఇద్దరు పరీక్ష రాసి, శిక్షణ పూర్తిచేసి, సహాయ నర్సులై తిరిగొచ్చారు. వాళ్లు కట్లు కడుతుంటే పెద్దక్క వెనక ట్రే పట్టుకుని నిలబడుతుంది. పట్టుకోవడానికి ఆమెకేం నామోషీ లేదు. కానీ ఆ ట్రేలోవి తన చేత్తో వాడాలని కోరిక.

ఆ పరీక్ష ఆమె రెండుసార్లు రాసింది. రెండుసార్లూ లెక్కల్లో గట్టెక్కింది, చదివి అర్థం చేసుకునే భాగంలో బోల్తా కొట్టింది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. మిగిలింది ఈ ఒక్కసారే.

చదువు రాక కాదు, ఆమె గబగబా చదవగలదు. తప్పు ఎక్కడ జరుగుతోందో కనిపెట్టింది కోడలు. ఇలాంటి పరీక్షలకు తయారుచేసే ట్యూషన్ సెంటర్లో ఆ అమ్మాయి పాఠాలు చెబుతుంది. మొదటి రోజు ఇచ్చిన కాగితంలో కథ ఇది: ముసలావిడ ఆస్పత్రిలో ఉంది. నాలుగో రోజున కొడుకు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి నర్సుతో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయాడు. కొడుకు లోపలికి ఎందుకు రాలేదన్నది ప్రశ్న.

"బిల్లు కట్టమంటారని," అంది పెద్దక్క, కాగితం పక్కకు జరిపేస్తూ.

"ఏ లైన్లో ఉంది అత్తయ్యా?"

"లైన్లో ఉండటమేంటి? లోకంలో ఉంది. అలాంటి కొడుకుల్ని వారానికొకణ్ణి చూస్తాను నేను."

"ఈ కొడుకుని చూశారా?"

పెద్దక్క మళ్లీ కాగితం దగ్గరికి లాక్కుంది. తొమ్మిదో వాక్యంలో ఉంది: అంటురోగం ఉన్నందున ఆ వారం ఎవరినీ వార్డులోకి రానివ్వడం లేదు.

"రానిచ్చినా వచ్చేవాడు కాదులే వాడు," అంది.

కోడలు పగలబడి నవ్వింది. పెద్దక్కకు కూడా నవ్వక తప్పలేదు.

"మీకు జవాబులు రాకపోవడం లేదు అత్తయ్యా. మరీ ఎక్కువ వచ్చేస్తున్నాయి."

"అయితే నేనిన్నేళ్లు చూసిందంతా అబద్ధమా?"

"అబద్ధమని నేనన్నానా? ఈ కాగితంలో లేదంటున్నాను. అది వేరు, ఇది వేరు."

ఆ పరీక్షలో ప్రతి ప్రశ్నకూ రెండు గళ్లుంటాయి. ఒకదాంట్లో జవాబు, రెండోదాంట్లో ఆ జవాబుకు ఆధారమైన వాక్యం నంబరు. దేనికి దానికే మార్కు. ఇచ్చినదాన్ని బట్టి తేల్చలేకపోతే 'చెప్పలేం' అన్న జవాబు ఎంచుకుని, రెండో గడిలో సున్నా రాయాలి. ఈ సున్నా అంటే పెద్దక్కకు ఒళ్లుమంట.

"తెలీదని రాస్తే మార్కులిస్తారా ఎక్కడైనా?"

"ఇస్తారు. తెలీదని తెలుసుకున్నందుకు."

"బాగుంది. మీ మామయ్యకైతే నూటికి నూరు వచ్చేస్తాయి."

ముందు గదిలో కుట్టు మిషను ఆగింది. "వినబడుతోంది," అన్నాడు ఆయన. దర్జీ పని ఇంట్లోనే చేస్తాడు కాబట్టి ఆయనకు ఆ ఇంట్లో వినబడని మాట లేదు.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు. వాక్యం మీద వేలు పెట్టాకే పెద్దక్క నోరు విప్పాలి. తేనెటీగల మీద, కాగితం తయారీ మీద, సముద్రపు ఆటుపోట్ల మీద ఇచ్చినవన్నీ ఆమె తేలిగ్గానే చేసేది. తేనెటీగల గురించి ఆమెకు సొంత అభిప్రాయాలేమీ లేవు మరి. రోగి, భార్యాభర్తలు, అన్నదమ్ములు, ఇంటి గొడవలు కాగితంలోకి వచ్చాయంటే మాత్రం వేలు ఒకచోట, నోరు ఒకచోట.

ఆ పద్ధతి కాగితం మీద కంటే ఇంట్లో త్వరగా అలవాటైపోయింది. ఒకరోజు ఆయన కళ్లజోడు కనబడక మిషను చుట్టూ తిరుగుతూ, "ఎవరో దాచేశారు," అన్నాడు.

"దాచారని ఏ లైన్లో ఉందండీ? కనబడట్లేదు, అంతవరకే ఉంది," అంది పెద్దక్క.

"ఇదేం ఖర్మ! ఈ ఇంట్లో నోరు విప్పాలంటే సాక్షిని వెంటబెట్టుకోవాలి."

మర్నాడు కోడలే దొరికిపోయింది. లారీ తోలే మొగుడు ఫోనెత్తలేదని మూతి ముడుచుకుని, "అలిగాడు అత్తయ్యా," అంది.

"ఎత్తలేదన్నది ఒకటో వాక్యం. అలిగాడన్నది నువ్వు రాసుకున్నది. ముందు వాణ్ణి బండి ఆపనీ."

ఇదంతా నవ్వులాటలాగే సాగిపోతుండగా, పరీక్ష ఇక దగ్గరపడిందనగా, వార్డులో ఒక సంగతి జరిగింది.

పన్నెండో మంచం మీద షుగరు రోగి ఉన్నాడు. సరిగా తింటారో లేదో తెలియని అలాంటి వాళ్లకు ఆ వార్డులో భోజనం కాగానే ఇన్సులిన్ ఇస్తారు. తినకుండా ఇస్తే షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. అందుకని సిస్టరు సూది వేసే ముందు వార్డు ఆ చివర్నుంచి ఒక కేక వేస్తుంది. ప్లేట్లు తీసే ఆయా ఈ చివర్నుంచి జవాబు చెబుతుంది. ప్లేటు ఖాళీ అయితే తిన్నట్టు. ఆ వార్డులో ఎప్పట్నుంచో అదే లెక్క.

"పెద్దక్కా, పన్నెండు తిన్నాడా?"

ప్లేటు ఆమె చేతిలోనే ఉంది. తుడిచినట్టుంది, మెతుకు లేదు. 'తిన్నాడు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"ప్లేటు ఖాళీగా ఉంది సిస్టర్. తినడం నేను చూళ్లేదు."

"అదేంటి కొత్తగా? తిన్నాడా, లేదా?"

"చెప్పలేను సిస్టర్."

సిస్టరు ట్రే పట్టుకుని గొణుక్కుంటూ వచ్చింది. "పరీక్ష నీదీ, నడక నాదీనా?" అని, రోగి వైపు తిరిగి, "ఏం బాబాయ్, భోంచేశావా?" అంది.

ఆయన పక్క మంచం వైపు చూశాడు. పక్క మంచం ఆయన పైకప్పు వైపు చూశాడు. ఆ పక్క మంచం ఆయన చొక్కా మీద అన్నం మెతుకులున్నాయి.

"నోరంతా చేదమ్మా. పారేస్తే మీరు కేకలేస్తారని ఆయనకిచ్చేశాను."

సిస్టరు సూదిని తిరిగి ట్రేలో పెట్టేసింది. డాక్టరుకు కబురు పంపింది. తర్వాత పెద్దక్క వైపు ఒక్క క్షణం చూసి, వార్డు మొత్తానికీ వినబడేలా అంది:

"ఆయాలందరూ వినండి. రేపట్నుంచి ఇన్సులిన్ వాళ్లు తింటుంటే చూసి చెప్పాలి. చూడకపోతే చూళ్లేదని చెప్పాలి. పెద్దక్క చెప్పినట్టు."

ఆ సాయంత్రం పెద్దక్క ఈ కథను ఇంట్లో మూడుసార్లు చెప్పింది. మూడోసారికి సిస్టరు గొంతు కాస్త పెద్దదైంది. "నాలుగోసారి చెప్పేటప్పుడు పెద్ద డాక్టరు కూడా వచ్చేస్తాడేమో," అన్నాడు దర్జీ. అన్నాడే గానీ, బట్టలివ్వడానికొచ్చిన వాళ్లందరికీ మర్నాడు తనే ఆ కథ చెప్పాడు.

పరీక్ష ఒక బడిలో పెట్టారు. చిన్నపిల్లల బల్లలు కావడంతో మోకాళ్లు చెక్కకు తగిలేవి. అన్ని ఆస్పత్రుల ఆయాలూ వచ్చారు. లెక్కలయ్యాయి. చదివే భాగంలో మొదటి రెండూ సాఫీగా సాగాయి. మూడోది వార్డు కథ. ఒక రోగి మాత్రలు మింగకుండా దిండు కింద దాచేస్తుంటాడు. ఎందుకు? చేదుగా ఉన్నందుకా, నర్సు మీద నమ్మకం లేకనా, తొందరగా ఇంటికి పంపేస్తారన్న భయంతోనా, లేక చెప్పలేమా?

దిండ్ల కింద నుంచి పెద్దక్క ఏరిన మాత్రలు పోగేస్తే ఒక మందుల షాపు పెట్టొచ్చు. ఎందుకు దాస్తారో ఆమెకు తెలుసు. చేదని. పెన్ను కూడా ఆ జవాబు మీదికి వెళ్లింది. అప్పుడు ఎడమచేతి వేలు ఒకటో వాక్యం మీద పెట్టింది. చివరిదాకా వచ్చింది. మళ్లీ మొదటికి వెళ్లి, మళ్లీ చివరిదాకా వచ్చింది. దాచాడని ఉంది, నర్సు చూసిందని ఉంది, కారణం ఎక్కడా లేదు. 'చెప్పలేం' అన్నదానికి టిక్కు పెట్టి, పక్క గడిలో సున్నా వేసింది.

బయట మెట్ల మీద ఆయాలు గుమిగూడారు.

"దిండు కింద మాత్రలది చేదనే కదా?" అంది ఆడవాళ్ల వార్డు ఆయా. అందరూ చేదే అన్నారు. "నువ్వేం రాశావు పెద్దక్కా?"

"సున్నా."

"అయ్యో రాత! ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ మాత్రం తెలీదా?"

"నాకు తెలుసు. ఆ కాగితానికి తెలీదు."

అందరూ నవ్వారు. అనడానికి అనేసింది గానీ, బస్సులో కూర్చున్నాక ఆమెకు అనుమానం పట్టుకుంది. అంతమంది ఒక్క మాట మీదుంటే తన ఒక్కదాని వేలు ఎంతవరకు నమ్మొచ్చు? ఇంటికి రాగానే స్టూలు మీద కూలబడి, ఆ కథ వాక్యం వెంట వాక్యం కోడలికి ఒప్పజెప్పింది. కోడలు కళ్లు మూసుకుని వింది.

"కారణం నాకైతే దొరకలేదు అత్తయ్యా. ఉండి ఉంటే మీకు దొరికేది."

"నిజంగానా, నా మనసు కోసమా?"

"మీ మనసు కోసమైతే టీ పెట్టి ఇచ్చేదాన్ని."

ఫలితాలు ఆస్పత్రి ఆఫీసు గోడకు అంటించిన రోజున దర్జీ మిషను మూసి మరీ వచ్చాడు. కోడలు ట్యూషన్ ఆపుకుని వచ్చింది. పెద్దక్క డ్యూటీలో ఉంది. ప్లేట్లన్నీ సర్దేశాకే మెట్లు దిగింది. అప్పటికే గోడ దగ్గర నిలబడ్డ ఆయన, వచ్చేపోయే వాళ్లను ఆపి మరీ, "మా ఆవిడ," అంటూ చూపుడువేలితో ఆమె మార్కులున్న వరస చూపిస్తున్నాడు. సిస్టరు ఆ మూల నుంచే చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ల వార్డు ఆయా పక్కకొచ్చి, "నీ సున్నాకి మార్కులు పడ్డట్టున్నాయే," అంది. ఆమెకూ పాసు మార్కులు వచ్చాయి, బొటాబొటిగా.

పెద్దక్క కొంగుతో చేతులు తుడుచుకుని, ఎవరు చెప్పిందీ వినకుండా, తన వరస తనే మొదట్నుంచి చివరిదాకా చదువుకుంది.

చదివి అర్థం చేసుకునే భాగంలో మొత్తం నలభై మార్కులు. పాసు కావడానికి ఇరవై నాలుగు రావాలి. ఆమెకు ముప్పై ఆరు వచ్చాయి. శిక్షణ ఒకటో తారీఖున, ఉదయం ఎనిమిదింటికి మొదలవుతుంది.