మిర్చి ఘాటు అనుకున్నాం

మా తమ్ముడు ఇక లేడని దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను దేవుడి ముందు దీపం వెలిగిస్తున్నాను. ఏడుపు వెంటనే రాలేదు. నిరుటి మాఘంలో ఒక మామూలు పొద్దు కళ్ల ముందు నిలిచింది.

మా ఇళ్లు గోడకు గోడ. తమ్ముడు ఎనుమాముల మిర్చి యార్డులో హమాలీ. పనికి పోయేముందు రోజూ నా గడప అవతల నిలబడి బొట్టు పెట్టించుకునేవాడు. అంతకుముందే మరదలికి నీళ్లు పట్టి పెట్టేవాడు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆ పొద్దు నేను హారతి ఇస్తుండగా తమ్ముడికి దగ్గు వచ్చింది. దీపం ఆరిపోతుందని మొహం గోడవైపు తిప్పుకొని, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని దగ్గాడు.

“ఏందిరా, గిట్ల దగ్గుతానవ్?”

“ఏం లేదక్కా, మిర్చి ఘాటు. జర బొట్టు పెట్టు, లారీ వచ్చి ఉంటది.”

బయట బండి మీద తమ్ముడి పెద్దకొడుకు హారన్ కొట్టాడు. వాడిదీ అక్కడే పని. “బాపూ, నువ్వు అత్తమ్మతోటి ముచ్చట పెడితే బస్తాలు నడుసుకుంట రావు!”

“నడుసుకుంట వస్తే మన గతేంరా మరి?” అన్నాడు తమ్ముడు. ముగ్గురం నవ్వుకున్నాం.

సాయంత్రం ఇంటికొస్తే చొక్కా బయట దండెం మీదే వేసేవాడు. అరచేతులకు మజ్జిగ రాసుకొని, స్నానం చేశాకే లోపలికి. తన పిల్లలు పసికందులుగా ఉన్నప్పుడు, స్నానం చేశాక కూడా నమ్మకం లేక, పిడికిళ్లు మూసి మోచేతుల మీద ఎత్తుకునేవాడు. “ఘాటు నా ఒంటికే ఉండాలె, ఇంట్లకు రావద్దు” అనేవాడు. పెద్దకొడుకును మాత్రం ఆ పొడిలో నుంచి బయటికి తీయాలని నాతో ఎన్నోసార్లు అన్నాడు.

సీజన్‌లో మా వాడలో దగ్గని ఇల్లుండదు. అందుకే తమ్ముడి దగ్గును ఎవరం పట్టించుకోలేదు. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి, దగ్గు పోలేదు. ఘాటు ఇంకా బట్టల్లోనే ఉందనుకొని మరదలు ఆ చొక్కాలనే మళ్లీ మళ్లీ ఉతికింది. దవాఖానకు పోయేసరికి ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదన్నారు.

దినం చేసిన సాయంత్రం చుట్టాలంతా వెళ్లిపోయారు. ఫొటో ముందు దీపం పెట్టాను. పెద్దకొడుకు దండం పెట్టబోయి ఆగాడు. మొహం గోడవైపు తిప్పుకొని, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని దగ్గాడు.

మరదలు నావైపు చూసింది. నేను మనసులో దేవుణ్ణి తలుచుకున్నాను.

“ఎన్నొద్దుల నుంచిరా గీ దగ్గు?” అంది ఆమె.

“ఏం లేదమ్మా, మిర్చి ఘాటు. ఫికర్ చెయ్యకు. మళ్ల సీజన్ మొదలైంది గదా.”

“నీ బాపు గూడ గదే అన్నడు” అంటూ ఆమె వాడి చేతిలోని తువ్వాల లాక్కుంది.

తెల్లారితే వాడు యార్డుకు పోవద్దని, మేమిద్దరం వెంట ఉండి దవాఖానకు తీసుకుపోవాలని, ఎక్స్‌రే చూసేదాకా బస్తా ముట్టనివ్వకూడదని అనుకున్నాం. వాడు సరేనన్నాడు. సరేనంటూనే మళ్లీ దగ్గు వచ్చి, దీపం ఆరకుండా మొహం గోడవైపు తిప్పుకున్నాడు.