వంకలో కట్టె

ఏ ఊరికి పోయినా నేను ముందు మనుషుల్ని చూడను, వాళ్ళ పొలాలు చూస్తాను. ఏరిన రాళ్ళను గట్టు మీద పేర్చారా, చేను మధ్యలో కుప్ప పోశారా, వాన నీళ్ళను ఎటు తిప్పారు, ఎటు వదిలేశారు, ఇవి చూస్తే చాలు, ఆ ఊళ్ళో ఎట్లాంటి వాళ్ళున్నారో సగం తెలిసిపోతుంది. మిగతా సగం వాళ్ళింట్లో మజ్జిగ తాగితే తెలుస్తుంది. ఎమ్మిగనూరు సంతకు పోయేటప్పుడు బండిలో కూర్చుని నేనిట్లా ఊళ్ళకు ఊళ్ళనే తూకం వేస్తుంటే మా ఆయన నవ్వేవాడు. నవ్వితే నవ్వనీ. నా అంచనా ఎప్పుడూ తప్పలేదు.

నేను పుట్టింది హొళగుంద దగ్గర. ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో మాకే తెలియదు. మావి ఏటవాలు ఎర్రనేలలు. గట్టి వాన పడితే పైమట్టి అంతా వంకలో, అదే వాన నీళ్ళు కోసిన వాగులో, పడి పోతుంది. అందుకని మావాళ్ళు వంకకు అడ్డంగా రాతికట్ట కట్టేవాళ్ళు. నీళ్ళు ఆగుతాయి, మట్టి అడుక్కు దిగుతుంది, కొన్నేళ్ళు పోతే వంక ఉన్నచోట చేను ఉంటుంది. ఆ వైపు పోయే ఆడవాళ్ళెవరూ వట్టిచేతులతో పోయేవాళ్ళు కాదు. నెత్తిన కూటిగంప ఉన్నా సరే, చంకలో ఒక రాయి ఉండాల్సిందే. చుట్టాలొచ్చినా వదిలేవాళ్ళం కాదు, తలా ఒక రాయి మోయించేవాళ్ళం.

పందొమ్మిదొందల ముప్పైలలో నన్ను గోనెగండ్ల పక్కన ఒక పల్లెకు ఇచ్చారు. అత్తవారికి ఉన్నది ఒకటే చేను. దాని మధ్యలో ఒక వంక. మా మామ చిన్నప్పుడు ఎద్దు ఒక్క అంగలో దాటేదట దాన్ని. నేను కాపురానికి వచ్చేనాటికి మనిషి దిగితే తల కనపడదు. ఏటా వానలకు రెండు ఒడ్డులూ విరిగి పడుతున్నాయి, చేను కరిగిపోతోంది.

వచ్చి నెల కూడా కాలేదు. ఒక మధ్యాహ్నం మామ అన్నానికి కూర్చుని మా ఆయనతో అన్నాడు: "ఇంగ రెండేండ్లు సూచ్చాం. ఆపైన ఈ చేన్లో రాళ్ళు తప్ప ఏముంటాది? ఆదోనికి పోదాం. పత్తి జిన్ను మిల్లులో కూలి దొరుకుతాది."

జిన్ను దుమ్ములో బతుకు తెల్లారాల్సిందేనా? కొత్తకోడలు మామ ముందు నోరెత్తకూడదు నిజమే, కానీ ఆ సంగతి నా నోటికి ఎవరూ చెప్పలేదు. తలుపు చాటు నుంచే అనేశాను.

"మామా, వంకలో కట్టె ఏద్దాం. అంతా సరిపోతాది."

ముద్ద ఆయన చేతిలోనే ఆగిపోయింది. ఆ ఊరి వల్లకాడు ఆ వంక ఒడ్డునే ఉంది. ఇంక తెలుగులో కట్టె అంటే ఏమిటో నేను చెప్పాలా! చితికి పేర్చేదీ కట్టే, చితి మీద పడుకునేదీ కట్టే. మామ కంచంలోనే చేయి కడుక్కుని లేచి బయటికి పోయాడు.

"ఓసి నీ నోట్లో మన్ను బడ!" అని అత్త గుండెలు బాదుకుంది. "వచ్చి నెల గాల్యా, అప్పుడే మామకు వంకలో కట్టె పేరుస్తావా?"

నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గుడ్లప్పగించి నిలబడ్డాను. మా వైపు కట్టె అంటే కట్ట. చిన్నప్పటి నుంచీ అదే మాట.

మూడు రోజులు మామ నా చేతి కూడు ముట్టలేదు. నాలుగో రోజు మా ఆయనకు తట్టింది. ఎద్దుల బేరానికి హొళగుంద వైపు తిరిగిన మనిషి కదా, నాలుగు కన్నడం ముక్కలు వచ్చు. పడీపడీ నవ్వి తండ్రి దగ్గరికి పోయాడు. "నాయనా, వాళ్ళ కన్నడంలో కట్టె అంటే మన కట్ట. వంకకు అడ్డం కట్ట కట్టమంటాంది."

"అట్లయితే కట్ట అని సెప్పి ఏడవొచ్చు గదా!" అన్నాడు మామ. కోపం తగ్గింది కానీ మాట తగ్గలేదు. "అయినా వంకకు అడ్డం పోతారా ఎవురైనా? మా తాత పోల్యా, మా నాయన పోల్యా."

"వాళ్ళు పోకనే గదత్తా చేనంతా పాయె," అన్నాను నేను, అత్తతో అన్నట్టు, మామకు వినపడేట్టు.

మరుసటి రోజు నుంచి చేనికి కూడు తీసుకుపోయేటప్పుడు చంకలో ఒక రాయి పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు గంపలో ఇంకో నాలుగు ఏరి వంకలో వేసేదాన్ని. దారిలో ఆడవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు. "ఏమ్మే హొళగుందామే, రాళ్ళు వండుకుంటావా?" అని ఒకామె అడిగింది. "వండుతా, నువ్వూ ఒకటి ఏసిపో, నీకూ పెడతా," అన్నాను. నవ్వుతూ వేసింది. నవ్వుతో వచ్చినా రాయి రాయే కదా. మా ఆయన సంతలో కొత్త గడ్డపార కొని తెచ్చి, పెద్ద బండలు దొర్లించి అడుగున కూర్చాడు. ఆ ఎండాకాలం పోయేసరికి నా మెడ ఎత్తు కట్ట లేచింది. ఊరంతా వచ్చి చూసింది. నాకు ఎంత గర్వమో!

ఆ గర్వం మొదటి పెద్ద వానకే కొట్టుకుపోయింది. కట్ట నడిమికి తెగి, మా రాళ్ళన్నీ ఊరి బాట దాకా దొర్లాయి. తప్పు నాదే. పుట్టింట్లో కట్టలు కట్టడం చూశాను కానీ, నిండిన నీళ్ళు ఒక పక్క నుంచి పొర్లిపోవడానికి మరవ వదులుతారన్న సంగతి పట్టించుకోలేదు. దారి లేని నీళ్ళు వాటి దారి అవే చూసుకున్నాయి. వంకలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మా ఆయన మూట కట్టాడు. "నేను ఆదోనికి పోతాండాను. నువ్వూ రా."

"నేను రాను. నువ్వు పో. ఈ చేను ఉంటే నేనుంటా."

పోయాడు. ఒక కాలమంతా జిన్నులో పనిచేశాడు. నేను పుట్టింటికి పోయి రెండు రోజులు కట్టల మీదే తిరిగి, మరవ ఎంత వెడల్పు, ఎంత లోతు, దానికి ఏ రాయి పరుస్తారు అని మా అన్నను ప్రాణం తీసి మరీ అడిగి వచ్చాను. మళ్ళీ మొదటి రాయి వేస్తుంటే వెనక అలికిడి. చూస్తే అత్త, నెత్తిన గంప నిండా రాళ్ళతో. "సూచ్చావేం, దించు," అంది. అంతే. మా ఆయన ఒళ్ళంతా పత్తి నూగుతో, దగ్గుతో తిరిగి వచ్చేసరికి కట్ట నిలబడి ఉంది. ఆ ఏడు వానకు నీళ్ళు నిండి, మరవ మీదుగా బుద్ధిగా పక్కకు పొర్లిపోయాయి. నీళ్ళు ఇంకాక అడుగున జానెడు ఒండ్రుమట్టి. మామ దాంట్లో దిగి, పిక్కల దాకా దిగబడి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆదోని మాట మళ్ళీ ఎత్తలేదు.

ఏటేటా కట్ట పెంచాం, ఏటేటా మట్టి పెరిగింది. వంక నిండింది. చేను ఒకటైంది. పక్క రైతులు కూడా పైన రెండు కట్టలు వేసుకున్నారు. ఊరి గుట్ట ఎక్కి చూస్తే, ఒకప్పుడు ఎర్రటి గాయంలా ఉన్నచోట మూడు మెట్లుగా పచ్చటి జొన్న.

యుద్ధం రోజుల్లో సర్కారు నుంచి ఒక సర్వే ఆయన వచ్చాడు. గొలుసు పట్టే మనిషిని వెంటబెట్టుకుని మనిషెత్తు జొన్నలో అటూ ఇటూ తిరిగి, పటం చూసుకుని, చెమట తుడుచుకుని అడిగాడు. "ఇక్కడ వంక ఉండాలే?"

"ఉండేది సామీ," అన్నాడు మామ.

"పటంలో వంక పోరంబోకు అని ఉంది. ఇది మీది కాదు, సర్కారుది. పంట కోసుకుని వదిలేయండి."

మా ఆయన మొహం పాలిపోయింది. నాకు అన్నేళ్ళ రాళ్ళ బరువూ ఒక్కసారిగా నెత్తిన పడినట్టయింది. మామ మాత్రం బెదరలేదు. గడ్డపార తెచ్చి ఆయన ముందు నిలబెట్టాడు.

"తవ్వి సూడు సామీ. మీ వంక అడుగున ఉంటాది, తీసుకపోండి. పైనుండే మన్ను మాది."

ఆ పెద్దమనిషి నిజంగానే తవ్వించాడు. మోకాలి లోతు తవ్వితే మట్టే, నడుము లోతు తవ్వినా మట్టే. ఛాతీ లోతులో వంక ఇసుక, గులకరాళ్ళు బయటపడ్డాయి. ఆయన గుంట అంచున కూర్చుని ఆ ఇసుక చేత్తో తీసి చూశాడు. తరువాత పుస్తకం తెరిచి, ఇక్కడ వంక లేదు, సాగుభూమి ఉంది అని పైవాళ్ళకు రాస్తానన్నాడు.

"ఎవరి సాగు అని రాయాలి?"

మా ఆయన తండ్రి పేరు చెప్పబోయాడు. మామ చేయి అడ్డం పెట్టి, "ఈ మన్ను నిలబెట్టింది నేను గాదు," అని, నా పేరు చెప్పాడు.

అన్నేళ్ళలో ఆయన నోట నా పేరు వినడం అదే మొదలు. ఆయనకు నా పేరు తెలుసని కూడా నేననుకోలేదు.