తుమ్మకొమ్మ మీది దోటి

నన్ను పికెట్‌కు చేర్చింది నీళ్ల ట్యాంకరు డ్రైవరు ఓబులేసు. తొమ్మిదో రోజు ఆ వార్త తెచ్చిందీ అతనే.

పికెట్ అంటే రెండు గుడారాలు, ఆరుగురు సాయుధ పోలీసులం, మా పైన ఒక ఎస్సై, ఒక వైర్‌లెస్ సెట్. గాలిమరల రాగి కేబుళ్లను దొంగలు కోసుకుపోతున్నారని అక్కడ వేశారు. మాది కణేకల్. కాలువ నీళ్లు చూసిన కళ్లకు ఆ ఎర్రమిట్ట కొత్త. మనిషికి రోజుకు రెండు బిందెలు. నాయన ఇంట్లోనే అక్షరాలతో పాటు నేర్పిన శ్లోకం చదువుకుని, ఆరింటికి రైఫిల్ తీసుకునేదాన్ని.

మేకలు కాసే ఈరన్న రోజూ మా టీకి పాలు పిండి ఇచ్చేవాడు. "తాగమ్మా. ల్యాకుంటే ఆ తుపాకే నిన్ను మోస్తాది" అని నవ్వేవాడు. ఆ పాలకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను.

ఆ రోజు పదకొండున్నరకు ఓబులేసు ట్యాంకరులోంచే అరిచాడు. "అక్కా, ఎస్సై సారు ఈరన్నను కాల్చినాడు! తుమ్మచెట్టు కింద పడుండాడు!"

వెంటనే సెట్‌లో ఎస్సై గొంతు. "కంట్రోల్, కేబుల్ దొంగ. కొడవలితో మీద పడ్డాడు. ఆత్మరక్షణకు ఒక రౌండ్. ఓవర్."

హెడ్ కానిస్టేబులూ నేనూ పరుగెత్తాం. అర కిలోమీటరు. ఈరన్నకు ఊపిరి లేదు. చేతులు ఖాళీ. కొడవలి అతని దోటి కొనకు, పొడవాటి వెదురుకు, కట్టినట్టే ఉంది. పై కొమ్మకు తగులుకుని వేలాడుతోంది. కరువులో మేకలకు ఆకు కావాలంటే అక్కడ అందరూ అలాగే కొమ్మలు లాగుతారు. కొమ్మ సగం తెగింది. మీద పడ్డవాడి కొడవలి చెట్టు మీద ఎందుకుంది?

ఎస్సై నన్ను గమనించాడు.

"ఏమ్మా, యాడ చూస్తాండావు? దాన్ని దించు."

ఆర్డరు వింటే ముందు చెయ్యి కదలాలని శిక్షణలో నేర్పారు. కదిలింది. దించాను. కట్టు విప్పమన్నాడు, విప్పాను. పంచనామాలో "కొడవలి ఒకటి" అని రాశారు. వెదురు లేదు. చెట్టు లేదు.

"సంతకం పెట్టి గమ్మునుండు పాపా, ఆయప్పతో మనకేల?" అన్నాడు హెడ్డు. ఆయన పెట్టాడు. నేను పెట్టలేదు.

విచారణలో మెజిస్ట్రేటుకు అంతా చెప్పాను. హెడ్డు మాత్రం తానేమీ చూడలేదన్నాడు.

"దోటిని దించింది ఎవరు?" అని అడిగారు.

"నేనే సార్."

ఆత్మరక్షణే అని తేల్చారు. ఉద్యోగం వదిలేసి ఓబులేసు ట్యాంకరులోనే వెనక్కి వచ్చాను. నిజం చెప్పే నోరిచ్చినందుకు దేవుడికి రుణపడి ఉన్నాను. ఈ చేతుల సంగతే ఇంకా అడుగుతున్నాను.

ఆ మధ్యాహ్నం మేకలు చెదిరిపోలేదు. సగం తెగిన కొమ్మ కింద ముందుకాళ్లెత్తి, అది పడుతుందని చూస్తూ నిలబడ్డాయి. కళ్లు మూస్తే అవే.

కాగితాల్లో అతను కేబుల్ దొంగ. మీరు మాత్రం మేకల ఈరన్న అని గుర్తుపెట్టుకోండి.