బోటెక్కే ముందు

మాదాపూర్ టవర్ల అద్దాలు నీళ్లలో ఊగుతూ కనిపించే చెరువులో తిరుపతికి ఒక చిన్న మోటారు బోటు ఉంది. ఆదివారాలు ఐటీ వాళ్లను పిల్లాజెల్లాతో కిరాయికి తిప్పుతాడు. ఎంత పెద్ద మేనేజరైనా సరే, లైఫ్ జాకెట్ బకిల్‌ను తన కాయలు కాసిన వేళ్లతో రెండుసార్లు గుంజి చూడందే బోటు ఎక్కనివ్వడు. ఎవరైనా విసుక్కుంటే "అందరికీ గిట్లనే చూస్త సార్" అంటాడు. ఒక్క బామ్మర్ది మధుకర్‌దే ఎన్నడూ చూడలేదు. ఇంటి మనిషి కదా. ఇన్సూరెన్స్ ఏజెంటు కూడా కాబట్టి, బోటుకు ఇన్సూరెన్స్ చేయించిందీ అతనే. ఖాళీ ఫారం మీద పెన్సిల్‌తో ఇంటూ మార్కులు పెట్టి ఇస్తే, మార్కు ఉన్నచోటల్లా తిరుపతి సంతకం చేశాడు.

ఒకసారి గాలివానకు బోటు బండకు కొట్టుకుని ఇంజను పోయింది. క్లెయిం కుదరదని కంపెనీ ఉత్తరం పంపింది. ఫారంలో కిరాయి బోటని కాకుండా సొంత విహారానికని రాసి ఉందట. ఆ రాత మధుకర్‌ది. అడిగితే అతను ఫోన్‌లోంచి తలెత్తకుండా, "కిరాయిదంటే వాళ్లొచ్చి బోటు చూడాలె, లేటయితుండె బావా. నెలాఖరుకు నా టార్గెట్ గాకపోతుండె" అన్నాడు. తిరుపతి నెల రోజులు తిరిగి పాత ఇంజను ఒకటి వెతికి బిగించుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం మధుకర్ ఎప్పటిలాగే ఒక క్లయింటును వెంటబెట్టుకొచ్చి, జాకెట్ తొడుక్కుని బోటులో కాలు పెట్టబోయాడు. తిరుపతి చెయ్యి అడ్డం పెట్టాడు. బకిల్ పట్టుకుని ఒకసారి గుంజాడు, ఇంకోసారి గుంజాడు.

"నాకు గూడనా బావా?" అని మధుకర్ నవ్వాడు.

"అందరికీ గిట్లనే చూస్త సార్" అన్నాడు తిరుపతి.